ఆ దండం తాతగారికా, దేవుడికా? చైనా ఆచారాలపై మూడు వందల ఏళ్ళ తగువు

పాతకాలపు చైనా ఇళ్ళలో చిన్న చెక్క పలకలు ఉండేవి. వాటి మీద చనిపోయిన తండ్రి పేరో, తాత పేరో నిలువుగా రాసి ఉండేది. నెల మొదటి రోజున, పౌర్ణమినాడు, కొత్త సంవత్సరానికి ఆ పలక ముందు అగరొత్తులు వెలిగించి అన్నం, మాంసం, మద్యం పెట్టేవారు. ఏప్రిల్ మొదట్లో వచ్చే చింగ్‌మింగ్ పండుగకు సమాధుల దగ్గర కూడా ఇలాగే చేసేవారు. ఇంటి పెద్ద మోకరిల్లి నుదురు నేలకు ఆనిస్తే, తక్కినవాళ్ళు అతని వెనక అదే చేసేవారు.

ఇది పూజా, లేక పెద్దలకు ఇచ్చే మర్యాదా? క్రైస్తవంలోకి వచ్చిన చైనీయుడు దీన్ని చేయవచ్చా? ఈ ప్రశ్న మీద కాథలిక్ చర్చిలో 1640ల నుంచి 1939 దాకా గొడవ నడిచింది. అరడజను మందికి పైగా పోపులు ఇందులో తలదూర్చారు. ఒక చైనా చక్రవర్తి స్వయంగా సాక్ష్యం చెప్పాడు. చివరికి చైనాలో క్రైస్తవ ప్రచారం మీదే నిషేధం పడింది. చరిత్రలో దీన్ని చైనా ఆచారాల వివాదం అంటారు.

చాలామంది దీన్ని రెండు నాగరికతలు ఢీకొన్న కథగా చెబుతారు. నాకు ఆ వివరణ తృప్తిగా అనిపించదు. ఎందుకంటే ఈ గొడవలో యూరప్‌ది ఒకే గొంతు కాదు, చైనాదీ కాదు. యూరప్ వాళ్ళు తమలో తామే కొట్టుకున్నారు. చైనాలోనేమో ఈ ఆచారాలకు రెండు వేల ఏళ్ళ నుంచే రెండు అర్థాలు పక్కపక్కన బతుకుతున్నాయి. అసలు పేచీ ఒక్కటే: ఒక ఆచారానికి అర్థమేమిటో చెప్పే హక్కు దాన్ని చేసేవాళ్ళదా, దూరం నుంచి చూసి తీర్పు చెప్పేవాళ్ళదా?

పండితుల అంగీ తొడుక్కున్న ఇటాలియన్

కాథలిక్ గురువుల సంఘాల్లో ఒకటైన జెస్యూట్ సంఘానికి చెందిన మత్తేయో రిచ్చి ఇటలీలోని మాచెరాతాలో 1552లో పుట్టాడు. 1582లో మకావు చేరి, మరుసటి ఏడు చైనా భూభాగంలోకి అడుగుపెట్టాడు. మొదట్లో ఆయనా, తోటి గురువు మికేలే రుజ్జేరీ బౌద్ధ భిక్షువుల్లా గుండు చేయించుకుని తిరిగారు. మతగురువులంటే అక్కడ భిక్షువులే కదా అని వాళ్ళ లెక్క. కానీ చైనాలో దేశాన్ని నడిపేది భిక్షువులు కాదనీ, ప్రాచీన గురువు కన్ఫ్యూషియస్ సంప్రదాయపు గ్రంథాలు చదివి పరీక్షలు పాసైన పండిత అధికారులనీ రిచ్చికి కొన్నేళ్ళకు అర్థమైంది. 1595లో ఆ వేషం వదిలేసి, గడ్డం పెంచి, పట్టు అంగీ వేసుకుని పండితుడిగా మారాడు.

1601లో బీజింగ్ చేరి వాన్‌లీ చక్రవర్తికి తనంతట తానే గంటలు కొట్టే గడియారాలు కానుకగా ఇచ్చాడు. 1602లో చైనీస్‌లో భారీ ప్రపంచ పటం అచ్చు వేయించాడు. షు గ్వాంగ్‌చి అనే అధికారితో కలిసి యూక్లిడ్ రేఖాగణితంలోని మొదటి ఆరు భాగాలను అనువదించి 1607లో వెలువరించాడు. షు గ్వాంగ్‌చి మామూలు మనిషి కాదు. ఆ తర్వాత రాజ్యంలోని అత్యున్నత పదవుల్లో ఒకదాని దాకా ఎదిగినవాడు, క్రైస్తవం పుచ్చుకున్నవాడు.

షు గ్వాంగ్‌చి లాంటివాళ్ళు క్రైస్తవంలోకి వస్తున్నప్పుడే పలక ముందు దండం సమస్యగా మారింది. ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవాడు కన్ఫ్యూషియస్ మందిరంలో వంగి నమస్కరించక తప్పదు. తండ్రి చనిపోతే శవపేటిక ముందు సాష్టాంగపడకపోతే ఊరంతా అతన్ని తల్లిదండ్రుల రుణం తెలియనివాడంటుంది. ఆ సమాజంలో అంతకంటే పెద్ద నింద లేదు. రిచ్చి చైనా గ్రంథాలు చదివాడు, పండితులను అడిగాడు, ఒక నిర్ణయానికి వచ్చాడు. చనిపోయినవాళ్ళు వచ్చి తింటారని నమ్మి పండితులు ఆ అన్నం పెట్టడం లేదు. బతికున్నప్పుడు చూపిన ప్రేమను ఆ తర్వాత చూపడానికి వాళ్ళకు మరో దారి తెలియదు. బతికున్న పిల్లలకు పెద్దలంటే గౌరవం నేర్పడానికే ఈ ఆచారం ఏర్పడింది. కాబట్టి క్రైస్తవులు చేసుకోవచ్చు.

ఇక్కడ జెస్యూట్లకు న్యాయం చేయాలి. వాళ్ళు అన్నిటికీ తలూపారని వాళ్ళ శత్రువులు ప్రచారం చేశారు. అది నిజం కాదు. చనిపోయినవాళ్ళ కోసం కాగితపు డబ్బు కాల్చడాన్ని వాళ్ళు వద్దన్నారు. పూర్వీకులను వరాలు కోరడాన్ని, ఆత్మ పలకలో కూర్చుని ఉంటుందన్న నమ్మకాన్ని కూడా ఒప్పుకోలేదు. జంతుబలితో కన్ఫ్యూషియస్‌కు చేసే పెద్ద ఉత్సవాలకు క్రైస్తవులు వెళ్ళకూడదన్నారు. వాళ్ళూ గీత గీశారు, కాకపోతే వేరే చోట గీశారు.

దేవుడికి చైనీస్‌లో ఏ పేరు పెట్టాలన్నది ఈ తగువులో రెండో సగం. పాత గ్రంథాల్లోని ‘షాంగ్‌ది’, ‘తియెన్’ అనే మాటలు వాడవచ్చని రిచ్చి అన్నాడు. ఆయన తర్వాత చైనాలోని జెస్యూట్లకు పెద్దగా వచ్చిన నికోలో లొంగోబార్దో మాత్రం చైనా పండితులు ఆ మాటలతో సృష్టికర్తను కాదు, ఆకాశాన్ని, ప్రకృతి నియమాన్ని తలుస్తారని వాదించాడు. అంటే జెస్యూట్లలోనే చీలిక ఉంది.

ఫుజియన్ పల్లెల్లో కనిపించింది వేరు

1633లో వేరే కాథలిక్ సంఘాలకు చెందిన ఇద్దరు, డొమినికన్ గురువు హువాన్ బౌతిస్తా దె మొరాలెస్, ఫ్రాన్సిస్కన్ గురువు ఆంతోనియో దె శాంతా మరియా కాబల్యేరో దక్షిణ తీరంలోని ఫుజియన్ చేరారు. వాళ్ళు తిరిగింది రాజధాని పండితుల మధ్య కాదు, పల్లె జనంలో. అక్కడ జనం తాతముత్తాతలను పంటలు, పిల్లలు, ఆరోగ్యం ఇమ్మని అడుగుతున్నారు. వాళ్ళకు కోపం వస్తే ఇంట్లో జబ్బులొస్తాయని భయపడుతున్నారు. ఇది పూజ కాకపోతే ఇంకేమిటని ఆ ఇద్దరూ అడిగారు.

ఎవరు చెప్పింది నిజం? ఇద్దరూ. ఈ సంగతి చైనా ఆలోచనాపరులకు క్రీస్తు పూర్వమే తెలుసు. క్రీ.పూ. మూడో శతాబ్దపు కన్ఫ్యూషియన్ తాత్వికుడు షున్‌జీ ఆచారాల గురించి రాస్తూ, ఈ అర్పణలు విజ్ఞులకు మనుషులు నడుచుకోవాల్సిన పద్ధతి అనీ, సామాన్యులకు దయ్యాలకు చేసే సేవ అనీ స్పష్టంగా చెప్పాడు. కన్ఫ్యూషియస్ బోధల్లోనూ, పూర్వీకులు ఎదురుగా ఉన్నట్టే భావించి అర్పణ చేయాలని ఉంది. ఉన్నారని నమ్మమని కాదు, ఉన్నట్టు భావించమని. ఒకే పలక, అవే అగరొత్తులు, అదే వంగడం. లోపల మనసులో మాత్రం మనిషికో అర్థం. రాజధానిలో ఉన్న జెస్యూట్‌కు మొదటి అర్థం కనిపించింది, పల్లెలోని డొమినికన్‌కు రెండోది.

అంతకంటే లోతైన చిక్కు మరొకటుంది. ‘ఇది మత సంబంధమా, లౌకికమా’ అన్న ప్రశ్నే యూరప్‌లో తయారైంది. చర్చి ఒక పక్క, రాజ్యం ఒక పక్క విడిగా నిలబడ్డ చోట ఆ రెండు గదులు ఉంటాయి. మన దగ్గర సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టేవాళ్ళను, పెత్రమాసకు బియ్యం ఇచ్చేవాళ్ళను ఆపి ‘మీరు చేస్తున్నది మతమా, మర్యాదా? ఏదో ఒకటే చెప్పాలి’ అంటే ఏం చెబుతారు? చైనావాళ్ళ ‘లీ’ అన్న భావనలో పెళ్ళీ, చావూ, రాజసభలో నిలబడే తీరూ, తాతకు పెట్టే అన్నమూ అన్నీ కలిసే ఉంటాయి. దాన్ని రెండు ముక్కలు చేసి ఏ ముక్కో చెప్పమన్నారు.

అడిగిన తీరును బట్టి తీర్పు

మొరాలెస్ రోమ్ వెళ్ళి తన ప్రశ్నలు పెట్టాడు. బలిపీఠం, బలి, మందిరం, పూజారి లాంటి మాటలతో అడిగాడు. 1645లో రోమ్ నుంచి నిషేధం వచ్చింది. వెంటనే జెస్యూట్లు మార్తినో మార్తీనీని పంపారు. ఆయన అవే ఆచారాలను పౌర మర్యాదలుగా వర్ణించి అడిగాడు. 1656లో అనుమతి వచ్చింది. అయితే ఏది చెల్లుతుంది? 1669లో రోమ్ చెప్పిన సమాధానం ఏమిటంటే, పరిస్థితి ఎవరు వర్ణించినట్టు ఉంటే ఆ తీర్పు అక్కడ వర్తిస్తుంది, కాబట్టి రెండూ చెల్లుతాయి. జాగ్రత్తగా ఆలోచిస్తే అది తెలివితక్కువ జవాబేమీ కాదు. షున్‌జీ చెప్పినదానికి దాదాపు సరిపోతుంది. కానీ పాలన నడిపేవాళ్ళకు అది పనికిరాలేదు.

దీని వెనక రాజకీయాలూ బోలెడు. తూర్పు దేశాల మిషన్ల మీద హక్కు తమదేనని పోర్చుగల్ పట్టుబట్టింది. ఆ పట్టు తప్పించి నేరుగా తన కింద నడపాలని రోమ్ చూసింది. ఫ్రాన్స్ తన గురువులను దించింది. జెస్యూట్లంటే గిట్టని వర్గాలకు యూరప్‌లో చైనా మంచి ఆయుధమైంది. 1700లో పారిస్‌లోని సోర్బాన్ పండితులు, చైనా ప్రాచీనుల మతాన్ని పొగిడిన జెస్యూట్ల వాక్యాలను తప్పుపట్టి ఖండించారు. వాళ్ళలో చైనా చూసినవాళ్ళు లేరు.

ఈ గోలలో చైనా క్రైస్తవుల మాట ఎక్కడ? వాళ్ళు మౌనంగా లేరు. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో వందల మంది చైనా క్రైస్తవులు సంతకాలు చేసి, తమ ఆచారాల అర్థమేమిటో వివరిస్తూ రోమ్‌కు ఉత్తరాలు పంపారు. చైనీయుల్లో మొదటి బిషప్ లువో వెన్‌జావ్ చదువుకున్నదీ, చేరిందీ ఆచారాలను వ్యతిరేకించిన డొమినికన్ సంఘంలోనే. అయినా ఈ విషయంలో ఆయన జెస్యూట్ల వైపే నిలిచాడు. ఆయనకు ఆ పలకలు పుస్తకాల్లో తెలిసినవి కావు, ఇంట్లో చూస్తూ పెరిగినవి. తీర్పులో ఈ సాక్ష్యాలకు దక్కిన బరువు చాలా తక్కువ. ఈ మొత్తం కథలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

పుదుచ్చేరి మీదుగా వచ్చిన దూత

1692లో కాంగ్షీ చక్రవర్తి క్రైస్తవాన్ని ఆచరించుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చాడు. ఊరికే ఇవ్వలేదు. జెస్యూట్లు పంచాంగం సరిచేశారు, ఫిరంగులు పోశారు, 1689లో రష్యాతో నెర్చిన్స్క్ ఒప్పందానికి లాటిన్‌లో దుబాసీలుగా పనిచేశారు. ఆయనకు గణితం నేర్పారు. ఆ మరుసటి ఏడే, 1693లో, ఫుజియన్‌లో రోమ్ ప్రతినిధిగా ఉన్న ఫ్రెంచ్ గురువు షార్ల్ మైగ్రో తన పరిధిలో ఆచారాలను నిషేధించాడు. జెస్యూట్లు 1700లో నేరుగా కాంగ్షీనే అడిగారు. కన్ఫ్యూషియస్‌ను గురువుగా గౌరవిస్తాం, పూర్వీకులను ప్రేమతో తలచుకుంటాం, వరాలు కోరడానికి కాదని వాళ్ళు రాసి పెడితే, అదే సరైన అర్థమని చక్రవర్తి ఒప్పుకున్నాడు. కన్ఫ్యూషియన్ లోకానికి అంతకంటే పెద్ద సాక్షి ఎవరుంటారు? కానీ రోమ్ దృష్టిలో ఇది తిరగబడింది. తమ మత విషయంలో ఒక అన్యమత రాజును న్యాయనిర్ణేతను చేశారని జెస్యూట్ల మీదే కోపం పెరిగింది.

పోప్ పదకొండో క్లెమెంట్ తన దూతగా షార్ల్ తూర్నోన్‌ను పంపాడు. ఈ కథ మన దక్షిణాదిని తాకేది ఇక్కడే. తూర్నోన్ 1703 చివర్లో పుదుచ్చేరిలో దిగి కొన్ని నెలలు ఉన్నాడు. తమిళ దేశంలో రోబెర్తో దె నోబిలీ అనే జెస్యూట్ గురువు కాలం నుంచి జెస్యూట్లు రిచ్చి బాటలోనే నడుస్తున్నారు. పుంగనూరు లాంటి చోట్ల తెలుగువాళ్ళ మధ్యకు చేరిన ఫ్రెంచ్ జెస్యూట్ల కర్ణాటక మిషన్‌దీ అదే పద్ధతి. తూర్నోన్ 1704లో ఉత్తర్వు ఇచ్చాడు: పిళ్ళైయార్ (వినాయకుడు) బొమ్మ ఉన్న తాళి కట్టకూడదు, పెళ్ళిలో కొబ్బరికాయ కొట్టే తంతు వద్దు, నుదుట విభూతి పెట్టకూడదు, ఆడపిల్ల పుష్పవతి అయినప్పుడు వేడుక చేయకూడదు.

అదే ఉత్తర్వులో ఇంకో మాట కూడా ఉంది. మరణశయ్య మీద ఉన్న పరయ కులస్తుల ఇళ్ళకు గురువులు స్వయంగా వెళ్ళి సంస్కారాలు ఇవ్వాలన్నాడు. పై కులాలవాళ్ళు దూరమవుతారని జెస్యూట్లు ఆ ఇళ్ళ గడప తొక్కేవారు కాదు. అంటే స్థానిక ఆచారాన్ని గౌరవించడం అనే మంచి సూత్రం ఇక్కడ అంటరానితనాన్ని గౌరవించడంగా మారింది. ఈ ఒక్క విషయంలో నేను తూర్నోన్ వైపే ఉంటాను. కాబట్టి జెస్యూట్లు ఉదారులు, రోమ్ మూర్ఖం అని కథను సులువుగా తేల్చలేం. ఆచారాన్ని గౌరవించాలన్నవాళ్ళు అది ఎవరి ఆచారం, దాని కింద నలిగేది ఎవరు అని కూడా అడగాల్సింది.

పుదుచ్చేరి నుంచి తూర్నోన్ చైనా చేరి 1705 డిసెంబర్ 31న కాంగ్షీని కలిశాడు. మొదట ఆదరణ బాగానే ఉంది. తర్వాత ఆచారాల సంగతి బయటపడ్డాక, ఈ విషయంలో నిపుణుడని మైగ్రోను పిలిపించారు. 1706 ఆగస్టులో రెహెలోని వేసవి విడిదిలో చక్రవర్తి ఆయన్ని పరీక్షించాడు. ఇరవై ఏళ్ళకు పైగా చైనాలో ఉన్న మనిషి ఆస్థాన భాష మాట్లాడలేక దుబాసీ కావాలన్నాడు. సింహాసనం దగ్గర రాసి ఉన్న నాలుగు అక్షరాలు చదవమంటే ఒక్కటే చదవగలిగాడు. గ్రంథాలు చదవలేనివాడు వాటి అర్థం మీద తీర్పు చెప్పడమేమిటని కాంగ్షీ మండిపడ్డాడు. మైగ్రోను దేశం నుంచి పంపేశాడు. రిచ్చి పద్ధతినే పాటిస్తామని, యూరప్‌కు తిరిగి వెళ్ళబోమని మాట ఇచ్చినవాళ్ళే చైనాలో ఉండాలని, వాళ్ళకు అనుమతి పత్రాలు ఇస్తామని ప్రకటించాడు.

అప్పటికే, 1704 నవంబర్‌లో, రోమ్‌లో నిషేధం ఖరారైపోయింది. తూర్నోన్ 1707లో నాన్‌జింగ్‌లో దాన్ని అమలు చేస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. కాంగ్షీ ఆయన్ని మకావుకు పంపాడు. అక్కడ పోర్చుగీసు అధికారులు తమ హక్కులు కాదన్నాడన్న కోపంతో ఆయన్ని నిర్బంధంలో పెట్టారు. కార్డినల్ హోదా వచ్చినా 1710లో ఆ నిర్బంధంలోనే చనిపోయాడు.

1715లో పోప్ మరింత గట్టి ఆజ్ఞ జారీ చేసి, దాన్ని పాటిస్తామని గురువులందరూ ప్రమాణం చేయాలన్నాడు. దాన్ని నచ్చజెప్పడానికి మెజ్జాబార్బా అనే దూత వచ్చి, పేరు మాత్రమే రాసిన పలక ఉంచుకోవచ్చు లాంటి ఎనిమిది సడలింపులు ఇచ్చి సర్దుబాటు చేయబోయాడు. 1721లో పోప్ ఆజ్ఞ అనువాదం చదివిన కాంగ్షీ దాని మీద ఎర్ర సిరాతో రాశాడు: చైనా గ్రంథం ఒక్కటీ అర్థం కాని ఈ పాశ్చాత్యులు చైనా ధర్మం గురించి మాట్లాడుతున్నారు, ఇకమీదట ఇక్కడ ప్రచారం అక్కర్లేదు, నిషేధిస్తే గొడవలుండవు అని. కొడుకు యోంగ్‌జెంగ్ 1724లో ఆ నిషేధాన్ని దేశమంతటా అమలు చేశాడు. అందుకు ఆచారాల గొడవ ఒక్కటే కారణం కాదు. వారసత్వ పోరులో కొందరు క్రైస్తవులు తన ప్రత్యర్థుల పక్షాన ఉన్నారన్న అనుమానం కూడా ఆయనకు ఉంది. చిత్రకారులు, ఖగోళ శాస్త్రజ్ఞులు మాత్రం బీజింగ్ ఆస్థానంలో కొనసాగారు. 1742లో పోప్ పద్నాలుగో బెనెడిక్ట్ ఎనిమిది సడలింపులనూ కొట్టేశాడు. భారతదేశపు ఆచారాల మీద 1744లో మరో ఆజ్ఞ ఇచ్చాడు.

యూరప్ మారిన తీరు

చైనాలో తలుపు మూసుకుపోయినా, ఈ తగువు యూరప్‌ను కదిలించింది. తమ వాదన గెలిపించుకోవడానికి జెస్యూట్లు చైనా గురించి రాశిపోసినట్టు రాశారు. 1687లో పారిస్‌లో కన్ఫ్యూషియన్ గ్రంథాల లాటిన్ అనువాదం అచ్చయింది. జర్మన్ తాత్వికుడు లైబ్నిజ్ 1697లో చైనా మీద పుస్తకం వెలువరిస్తూ, మనం వాళ్ళకు గురువులను పంపినట్టే జీవన నీతి నేర్పడానికి వాళ్ళూ మనకు పంపాలన్నాడు. మరో తాత్వికుడు క్రిస్టియన్ వోల్ఫ్ 1721లో జర్మనీలోని హాలే విశ్వవిద్యాలయంలో, దైవవాక్యం అందకపోయినా చైనీయులు ఉత్తమ నీతితో బతికారని ప్రసంగించాడు. దాంతో మొదలైన గొడవ ముదిరి, 1723లో ప్రష్యా రాజు ఆయన్ని దేశం వదిలి వెళ్ళకపోతే ఉరితీస్తానన్నాడు. చైనావాళ్ళు మంచివాళ్ళు కాబట్టి సులువుగా క్రైస్తవులవుతారని జెస్యూట్లు చెప్పబోతే, మంచితనానికి చర్చి అక్కర్లేదన్నమాట అని చర్చిని విమర్శించిన ఫ్రెంచ్ రచయిత వోల్టేర్ తరం అర్థం చేసుకుంది.

1939 తర్వాత

నిషేధం సాగినంత కాలం చదువుకున్న చైనీయుడు క్రైస్తవుడు కావాలంటే ఇంటి పెద్దల పలకకు దూరం కావాల్సి వచ్చింది. 1939 డిసెంబర్ 8న పోప్ పన్నెండో పయస్ హయాంలో రోమ్ దాన్ని ఎత్తేసింది. కన్ఫ్యూషియస్ చిత్రం ముందు, చనిపోయినవాళ్ళ ముందు, పేరు రాసిన పలక ముందు తల వంచవచ్చని చెప్పింది. భారతదేశంలోని గురువులు చేయాల్సిన ఇలాంటి ప్రమాణాన్ని 1940లో తీసేశారు. అయితే పాత తీర్పు తప్పని రోమ్ అనలేదు. కాలం మారింది, ఒకప్పుడు అన్యమత ఆచారమైనది ఇప్పుడు వట్టి మర్యాదగా మారింది అని చెప్పింది. అప్పటికి చైనాలో పరీక్షలు పోయాయి, చక్రవర్తి పోయాడు, కాబట్టి ఆ మాటలో కొంత నిజముంది. కానీ సరిగ్గా అదే అర్థాన్ని కాంగ్షీ 239 ఏళ్ళ ముందే సాక్ష్యంగా ఇచ్చాడు. అర్థం మారిందనడం కన్నా, వినడానికి రోమ్ ఒప్పుకుందనడమే సరైనదని నా అభిప్రాయం.

ప్రొటెస్టెంట్లలో ఈ తగువు విడిగా నడిచింది. 1890 షాంఘై మిషనరీల మహాసభకు అమెరికన్ మిషనరీ డబ్ల్యూ.ఏ.పి. మార్టిన్ పూర్వీకుల ఆచారాలను సహించాలని ఒక పత్రం సమర్పిస్తే, సభలో ఎక్కువ మంది దాన్ని తిరస్కరించారు. తైవాన్‌లోని కాథలిక్కులు కార్డినల్ యూ బిన్ చొరవతో 1971 నుంచి చాంద్రమాన కొత్త సంవత్సరానికి పూర్వీకుల స్మరణ కార్యక్రమం బాహాటంగా చేస్తున్నారు. ప్రొటెస్టెంట్ కుటుంబాల్లో మాత్రం అగరొత్తి పట్టుకోవాలా వద్దా అన్నది తాతగారి అంత్యక్రియల దగ్గర ఇప్పటికీ తెగని ప్రశ్నే. కొందరు దాని బదులు పూలు పెట్టి, మోకరిల్లకుండా నిలబడే తల వంచుతారు. ఆ మాత్రం మర్యాద చాలునా అన్నది ఆ ఇంటివాళ్ళు తమలో తాము మాట్లాడుకుని తేల్చుకుంటున్నారు.